తినబుద్ధి

అలకల్లో చాలా రకాలున్నాయి. మాట మానేసే అలక, మంచం దిగని అలక, తలుపు ధడాలున వేసి కాసేపటికి తనే వెళ్ళి గడియ తీసే అలక. వీటన్నిటికీ పెద్దన్న అన్నం మీద అలక. కోపం మనిషి మీద, శిక్ష కడుపుకి. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. దుత్త పగిలితే శబ్దమైనా వస్తుంది. మాడే కడుపు పక్కింటికి వినిపించదు కదా, అందుకే అలిగినవాళ్ళు ఎప్పుడూ ఎదుటివాళ్ళ కంటికి ఆనేచోటే కూర్చుంటారు.

టైలరమ్మ ఇంట్లో ఈ అలకకు ఒక చట్టం ఉండేది. అలిగిన మనిషి బల్ల దగ్గరికి రాకూడదు. రెండో మనిషి పిలవాలి. మొదటి పిలుపుకి పలకకూడదు. రెండో పిలుపుకి "నాకాకలి లేదు" అనాలి. మూడోసారి దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసి పిలిస్తే, ఎవరో తరిమితే వస్తున్నట్టు ముఖం పెట్టుకుని వచ్చి, రోజూ కంటే నాలుగు ముద్దలు ఎక్కువే తినాలి. అక్కడితో సరి. తగువు ఎందుకు మొదలైందో తర్వాత ఎవరూ ఎత్తకూడదు. మధ్యలో పాలు తాగితే ఓడినట్టు కాదు, పాలు తిండి లెక్కలోకి రావు. పిల్లాజెల్లా లేని ఇల్లు. ఇద్దరే మనుషులు కావడంతో చట్టం చేసిందీ వాళ్ళే, తప్పిందీ వాళ్ళే.

టైలరమ్మ అని వీధిలో అందరూ పిలుస్తారు గానీ ఆవిడ కొత్త బట్ట కుట్టదు. ఎవరో ఎక్కడో కుట్టిన బట్టను తెచ్చిన మనిషికి సరిపెడుతుంది. నడుము వదులు చేయడం, కాళ్ళు పొట్టి చేయడం, పాడైన జిప్పు పీకి కొత్తది వేయడం, చంక దగ్గర పిగిలిన కుట్టు మళ్ళీ వేయడం. వీధివైపు గదిలో కిటికీకి ఎదురుగా మిషను, దాని పక్కన విప్పిన కుట్ల దారప్పోగులతో నిండిన రేకు డబ్బా, గోడకు మేకులు, మేకులకు చీటీలు గుచ్చిన ప్యాంట్లు. పొట్టకూ బట్టకూ లోటు లేకపోతే చాలంటారు జనం. ఆవిడ బతుకంతా ఆ రెండింటి మధ్యనున్న బిగువులోనే గడిచింది. ఎవరికి పెళ్ళి కుదిరిందో, ఎవరికి ఉద్యోగం ఊడిందో, ఎవరు దిగులు పట్టి ఎడాపెడా తింటున్నారో ఆవిడకు నడుముపట్టీ చెప్పేది. చెప్పిన సంగతి ఆవిడ బయట పెట్టేది కాదు. "బట్ట కాస్త ముడుచుకుందండీ, ఉతుకులో" అనేసేది. ఆ ఒక్క మాటకే సగం వీధి ఆవిడ దగ్గరికి వచ్చేది.

భర్త సిటీ బస్సు డ్రైవరు. రిటైరయ్యాక కూడా ఆయన పేరు డ్రైవరే. ఆయనకు ఊరు వీధుల పేర్లతో కాదు, వాసనలతో తెలుసు. ఏ మలుపులో రొట్టె పొయ్యిలోంచి దిగుతుందో, ఏ స్టాపు దగ్గర వేరుశెనగలు వేగుతాయో, ఏ సందులో ఎవరింట్లో చేప వేయిస్తున్నారో ఆయన ముక్కు ముందే పసిగట్టేది. ఒకసారి మొక్కజొన్న కండె కోసం నిండు బస్సును పక్కకు ఆపేశాడట. జనం తిట్టారు. తిట్టి తిట్టి వాళ్ళూ దిగి తలో కండె కొనుక్కున్నారు. మిరియాల కోసం ఓడలెక్కి, దిక్కు తెలియని సముద్రాల మీద పళ్ళూడిపోయి చచ్చినవాళ్ళ కథలు పుస్తకాల్లో బోలెడున్నాయి. చదివినవాళ్ళు వాళ్ళను దురాశాపరులంటారు, సాహసవంతులంటారు. ముక్కు లాగిన చోటికి మనిషి పోతాడంతే. పోయినవాడికి ఓడ దొరికితే చరిత్ర అవుతుంది, బస్సు దొరికితే మెమో వస్తుంది.

అలాంటి మనిషి అలక ఎంతసేపు నిలుస్తుంది? టైలరమ్మకు చిట్కా తెలుసు. వంటింటి కిటికీ మూసి, లోపలి గది తలుపు తీసి, నూనెలో ఉల్లిపాయలు వేయడం. ఉల్లి ఎర్రబడేలోపు గదిలో కుర్చీ కిర్రుమనేది. ఉప్పూ కారం రాసిన చేపముక్క పెనం మీద పడేసరికి మనిషి గుమ్మంలో ఉండేవాడు. "నీళ్ళ కోసం వచ్చాలే" అనేవాడు. ఆవిడ వెనక్కి తిరగకుండానే కంచం అందించేది. ఆయన ప్యాంట్ల వెనక కుట్టులో ఆవిడ ఎప్పుడూ నాలుగు వేళ్ళ బట్ట మడిచి దాచి ఉంచేది, పెరగబోయే పొట్టకు ముందే జాగా.

ఆ ఉదయం మాత్రం తగువు చట్టానికి అందనిదైపోయింది. వంటింట్లో కుళాయి కారుతోంది. బాగుచేస్తాను, బాగుచేస్తాను అంటూ ఆయన సోఫాలో వాలి, "ఇవాళేం చేస్తున్నావే?" అన్నాడు. ఆవిడ చెల్లెలు వచ్చి ఉంది. చెల్లెలి ముందు ఆవిడ నోరు జారింది.

"తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు!"

చెల్లెలు పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. రెంచి పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాడు. కాసేపటికి రెంచి నేల మీద పడ్డ చప్పుడైంది. ఆయన ఏదో అన్నాడు గానీ మాట ముద్దగా వచ్చింది.

ఆసుపత్రిలో చూసి, మెదడు లోపల గోరంత చోట రక్తం అందక దెబ్బతిందన్నారు. చేతికి మళ్ళీ పట్టు చిక్కింది, మాట సరైంది, నడక ఇంచుమించు మునుపటిలాగే. గండం గడిచిందని వార్డంతా సంతోషించింది. ఇంటికి వచ్చి డ్రైవరు కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు.

మొదట్లో టైలరమ్మ కంచం చేతికే అందించేది. "తిను" అంటే తినేవాడు. ఆవిడ మాట ఆగితే చెయ్యి కూడా ఆగేది. సగం ముద్ద వేళ్ళ మధ్య ఉండగానే కిటికీలోంచి చూస్తూ ఉండిపోయేవాడు. మళ్ళీ "తినవయ్యా" అంటే మళ్ళీ కదిలేవాడు. నాలుగు రోజులు జాలిపడింది. తర్వాత ఆవిడకు మెల్లగా వెలిగింది. వెలగకూడని దీపమే వెలిగింది. ఓహో, ఇది అలక! తిండికి తిమ్మరాజునన్నావు కదా, ఇక చూసుకో, నువ్వు నోటితో చెబితే తప్ప మెతుకు ముట్టను అంటున్నాడన్నమాట.

సరే చూద్దామని వంటింటి కిటికీ మూసింది. ఉల్లిపాయలు వేసింది. అవి ఎర్రబడ్డాయి, నల్లబడ్డాయి. కుర్చీ కిర్రుమనలేదు. వెళ్ళి చూస్తే ఆయన ప్రశాంతంగా, "మంచి వాసనొస్తోందే" అన్నాడు.

"వస్తోందిగా. మరి?"

"మరేం లేదు."

ఆ 'మరేం లేదు' ఆవిడకు చెంపపెట్టులా తగిలింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ వాసనకు లొంగనంత కోపం ఆయనకెప్పుడూ రాలేదు. ఆవిడ కూడా పట్టుదల మనిషే. ఆ రోజు నుంచి పిలవడం మానేసింది. కంచం బల్ల మీద పెట్టి, దాని మీద మూత పెట్టి, వెళ్ళి మిషను ముందు కూర్చునేది. కావాలంటే తనే లేచి రావాలి. ఒక్కసారి, పిలవకుండా, తన కాళ్ళతో తాను నడిచి వచ్చి తన వంట అడగాలి. అప్పుడు తను అన్న మాట తను వెనక్కి తీసుకుంటుంది. మనసులో ఆ షరతు పెట్టుకుని కూర్చుంది. ఆ షరతు ఎదుటి మనిషికి తెలియదన్న ఆలోచన ఆవిడకు రాలేదు. చట్టం ఇద్దరిదీ కదా, తెలియకపోవడమేమిటి?

మిషను చప్పుడు చేస్తూనే చెవి వంటింటి మీద ఉండేది. మూత కదిలిన చప్పుడు వస్తుందేమోనని. సాయంత్రం వెళ్ళి మూత తీస్తే అన్నం పెట్టినట్టే ఉండేది, మీద సన్నగా ఎండు పొర కట్టి. ఉసూరుమంటూ తీసి పారేసి, ఒక గ్లాసు పాలు వేడిచేసి ఆయన చేతిలో పెట్టేది. పాలు లెక్కలోకి రావు.

చెల్లెలు వచ్చి కూర్చుంది. "బావ ఇంకా అలక దిగలేదా అక్కా?"

"దిగుతాడు. దిగక ఎక్కడికి పోతాడు?"

"నువ్వే ఒక మాట అనేయరాదూ. 'తప్పైపోయింది మహానుభావా' అంటే నీ సొమ్మేం పోయింది?"

"నేనెందుకంటాను? నవ్వింది నువ్వు. నువ్వను."

చెల్లెలు నిజంగానే వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర చతికిలబడింది. "బావా, నా పళ్ళు రాలిపోను, నవ్వినందుకు. రా, భోంచేద్దాం."

డ్రైవరు మరదలి వంక దయగా చూశాడు. "ఎప్పుడు నవ్వావే?" అన్నాడు.

"చూశావా, చూశావా!" అని మిషను దగ్గర్నుంచి టైలరమ్మ అరిచింది. "ఎంత గడుసో చూడు. మరిచిపోయినట్టు నటన."

యుద్ధం అలా సాగింది. పరాయి దేశంలో యుద్ధం ముగిసిన కబురు అందక, అడవుల్లో ఒంటరిగా ఏళ్ళ తరబడి కాపలా కాసిన సైనికుల గురించి విన్నాం. శత్రువు ఎప్పుడో తుపాకీ దించి ఇంటికి పోయాడు, ఇతను ప్రతి ఆకు అలికిడికీ గురి పెడుతున్నాడు. వాళ్ళకు పిచ్చి అనుకుంటాం. వీధివైపు గదుల్లో, మిషన్ల ముందు, అలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో ఎవరు లెక్కపెట్టారు?

ఈ ఇంటికి ఆ కబురు ప్యాంటు తెచ్చింది. ఒక మధ్యాహ్నం ఆవిడకు ఆయన కుర్చీ వెనకనున్న బట్టల మూట కావలసి వచ్చింది. "కాస్త లే" అంది. ఆయన లేచాడు. లేచేసరికి ప్యాంటు తుంటి దాకా జారింది. ఆయన ఏ ఆశ్చర్యమూ లేకుండా ఒక చేత్తో దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. అలా పట్టుకోవడం కొత్త కాదని ఆ చెయ్యే చెబుతోంది. టైలరమ్మ వెనక నడుముపట్టీ పట్టుకుని లాగింది. గుప్పెడు బట్ట చేతిలోకి వచ్చింది. ఆ పిడికిలికి టేపు అక్కర్లేదు. వీధిలో అందరి నడుములూ ఎరిగిన చెయ్యి అది. ఇంట్లో నడుము దానికి తప్పిపోయింది. పెరుగుతాడని దాచి ఉంచిన మడత లోపల అలాగే ఉంది, దాని మీద ఇంత వదులు.

ఆవిడ ఆయన ఎదుటకు వచ్చి నేల మీద కూర్చుంది.

"ఏమయ్యా, ఆకలెయ్యడం లేదా నీకు?"

"వేస్తోంది."

"బల్ల మీద అన్నముంది. తెలుసా?"

"తెలుసు."

"మరి లేచెళ్ళి తినొచ్చుగా?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఎవరో పరాయి ఊరి దారి అడిగితే గుర్తుచేసుకుంటున్నట్టు. "తినొచ్చు" అన్నాడు చివరికి.

"నామీద కోపమా?"

"లేదే."

"ఉందని చెప్పు. తిట్టు. ఏమన్నా అను. నేనేం అనుకోను."

"నీమీద కోపమెందుకే?" అన్నాడాయన. ఆ గొంతులో ఎక్కడా వ్యంగ్యం లేదు. వ్యంగ్యం కోసం ఆవిడ ఆ నాలుగు మాటలూ మనసులో తిప్పి తిప్పి, కుట్టు వెతికినట్టు వెతికింది. కుట్టు దొరకలేదు.

మర్నాడే ఆయన్ని తీసుకెళ్ళి చూపించిన నరాల డాక్టరు చిన్న వయసు అమ్మాయి. బల్ల మీద సగం తిన్న యాపిల్ పండు పెట్టుకుని, దాన్ని మరిచిపోయిన మనిషి. ఆమె టైలరమ్మను ఏమీ అడగకుండా నేరుగా ఆయన్నే అడిగింది.

"ఆకలవుతుందా అయ్యా?"

"అవుతుంది."

"ఆవిడ వంట ఎలా ఉంటుంది?"

"బాగుంటుంది. చేప బాగా వేయిస్తుంది."

టైలరమ్మ గబుక్కున ఆయన వైపు తిరిగింది. ఆ మాట విని ఎన్నాళ్ళైందో.

"మరి ఎదురుగా ఉంటే తినరేం?"

"తినబుద్ధి కాదమ్మా."

డాక్టరు కలం కింద పెట్టేసి టైలరమ్మ వైపు తిరిగింది. "విన్నారా? ఆకలి లేదనలేదు. రుచి లేదనలేదు. బుద్ధి కాదన్నారు. మా పుస్తకాల్లో దీనికి బారెడు పేరుంది గానీ, సంగతంతా మనం రోజూ అనే ఆ మాటలోనే ఉంది."

తర్వాత ఆమె అరచెయ్యి చాపి, దాని మీద వేలితో గీసి చూపించింది. కడుపు ఖాళీ అయిందని కబురు అందుకునే చోటు ఒకటి. నోట్లో పడ్డది బాగుందని మురిసే చోటు ఇంకొకటి. ఈ రెండూ బాగానే ఉన్నాయి. మధ్యలో 'పద, లే, తెచ్చుకో' అని తోసే దారి ఒకటుంటుంది. మెదడు లోతుల్లోంచి పైకి వచ్చే దారి. ఆ తోపు నడవాలంటే ఒక రసాయనం ఊరాలి, ఆ దారి తెగకుండా ఉండాలి. దెబ్బ గోరంతే, కానీ సరిగ్గా ఆ దారి మలుపులో తగిలింది.

"ఎలుకల్లో ఆ రసాయనం లేకుండా చేసి చూశారమ్మా. చుట్టూ తిండి పోసినా కదలవు. అలాగే వదిలేస్తే తిండి మధ్యలోనే చచ్చిపోతాయి. అదే నాలుక మీద తీపి చుక్క వేశారనుకోండి, హాయిగా మూతి నాక్కుంటాయి."

"అయితే మా ఆయన్ని ఎలకని చేశారన్నమాట" అంది టైలరమ్మ. నవ్వాలని చూసింది. తర్వాత, గొంతు తగ్గించి, డ్రైవరు అక్కడ లేనట్టే అడిగింది. "అయితే ఇది అలక కాదా డాక్టరమ్మా?"

"అలగాలన్నా ఆ తోపు కావాలి కదమ్మా."

ఇంకొకరైతే గుండెల మీంచి బండ దిగిందనుకునేవారు. టైలరమ్మ గుండె మీద ఆ మాట కొత్త బండై కూర్చుంది. అలక ఎంత చెడ్డదైనా ఎదుటి మనిషిని చూసుకునే పుడుతుంది. అలిగినవాడు చెవి ఒగ్గి ఉంటాడు, పిలుస్తారా లేదా అని. ఇన్నాళ్ళూ ఆ కుర్చీలో కూర్చున్న మనిషి తన అడుగుల చప్పుడు వింటున్నాడనుకుంది. పంతానికైనా తన గురించే ఆలోచిస్తున్నాడనుకుంది. ఆ అనుకోవడంలో ఎంత కోపం ఉందో అంత తోడు కూడా ఉందని, అది పోయాక గానీ ఆవిడకు తెలియలేదు. తను పోరాడుతున్నన్నాళ్ళూ అటువైపు ఎవరూ లేరు. మూత పెట్టిన కంచం, వేయించి మాడ్చిన ఉల్లి, బిగబట్టిన పిలుపు, అన్నీ ఖాళీ మైదానంలోకే పోయాయి.

డాక్టరు మాత్రలు రాసింది. పనిచేయడానికి కొన్ని వారాలు పట్టొచ్చంది. "కొందరికి పనిచేస్తాయి, కొందరికి చేయవు. చేస్తే మాత్రం ఆ తోపు ఎటు తోస్తుందో ముందుగా చెప్పలేం. కొందరు పేకాట పట్టుకుంటారు, కొందరు కొన్నదే కొంటారు. ఏదైనా అతిగా కనిపిస్తే నాకు చెప్పండి. అంతవరకూ ఆ 'పద' మీరే."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో వినిపించే మాట అదొక్కటే. పద, ముఖం కడుక్కో. పద, అన్నం. పద, కాసేపు నడుద్దాం. పక్కింటావిడ కిటికీలోంచి, "ఎక్కడికి పిన్నిగారూ, పొద్దస్తమానం పద పద అంటారు, గుమ్మం మాత్రం దాటరు?" అని హాస్యమాడింది. ఆయన చెప్పినట్టు చేసేవాడు. కండ పట్టసాగింది. ప్రతి ముద్దకీ "బాగుంది" అనేవాడు, ఒకే గొంతుతో, నిజాయితీగా. ఆయన తిన్నాక ఆవిడ తన కంచం ముందు కూర్చునేది. ఆవిడకు 'పద' అనేవాళ్ళు లేరు. ఒక్కోరోజు కలిపిన అన్నం అలాగే ఉంచి, కుళాయి కింద చెయ్యి కడిగేసుకునేది.

మాత్రలు వేసుకోవడం మొదలుపెట్టి చాలా రోజులైంది. ఒక మధ్యాహ్నం ఆవిడ ఒక కోటు జిప్పు విప్పుతోంది. పళ్ళ మధ్య ఇరుక్కున్న దారం తీసి తలెత్తేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

గుండె ఝల్లుమంది. భయంతో కాదు. లేచాడు! తనంతట తాను లేచాడు! చేతిలో కత్తెర అలాగే పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది. మూత తీసి కంచం ముందు కూర్చుని ఉంటాడనుకుంది. ముఖం ఎలా పెట్టాలో కూడా దారిలోనే అనుకుంది, పట్టించుకోనట్టు, వెనక్కి తిరగనట్టు. వంటింట్లో ఎవరూ లేరు. కంచం మీద మూత పెట్టినట్టే ఉంది. పెరటి తలుపు మాత్రం వారగా తెరిచి ఉంది.

వీధి చివర బేకరీ ఉంది. అద్దాల పెట్టె ముందు డ్రైవరు నిలబడి క్రీము బన్ను తింటున్నాడు. గడ్డానికి తెల్లగా అంటుకుంది. బేకరీ ఆయన టైలరమ్మను చూసి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"రండమ్మా. మీవారు నాలుగు రోజుల్నుంచీ వస్తున్నారు. మీరు మిషను మీద ఉంటారనుకుంటా, పెరటి గుమ్మంలోంచి వస్తారట. ఇవాళ ఇది మూడోది."

"ఆయన తీపి తినడు" అంది ఆవిడ అయోమయంగా. నిజమే, ఉప్పూ కారం మనిషి ఆయన. తీపంటే పసిపిల్లల తిండి అని ఎప్పుడూ వెక్కిరించేవాడు.

"ఏమో మరి. పొద్దున నేను తలుపు తీసేసరికే అక్కడుంటున్నారు."

ఆవిడ భర్త దగ్గరికి వెళ్ళింది. "బాగుందా?"

"ఏం బాగు? జిగటగా ఉంది."

"మరెందుకు తింటున్నావయ్యా?"

"తినాలనిపించింది" అన్నాడు, చూపు అద్దాల పెట్టెలోని తర్వాతి బన్ను మీంచి కదల్చకుండా. ఆ చూపు ఆవిడకు తెలుసు. నిండు బస్సు ఆపేసిన చూపు అది. ఎన్నాళ్ళుగానో కంటికి కరువైన చూపు. అది తన భుజం పక్కనుంచి దాటిపోయి అద్దానికి అతుక్కుంది.

ఆకలి రుచెరుగదని సామెత. చెప్పినవాడు ఎవడో గానీ మనిషి తలకాయ విప్పి చూసినట్టే చెప్పాడు. కావాలనుకోవడం ఒక దారి, బాగుందనుకోవడం ఒక దారి. అదృష్టం బాగుంటే జీవితాంతం రెండూ ఒకే రోడ్డు మీద కలిసి నడుస్తాయి, ఒకటేననుకుంటాం. ఆ ఇంట్లో మాత్రం విడిపోయాయి. ఆవిడ వేయించిన చేప బాగుంటుంది, దానికోసం ఆయన లేవడు. బేకరీ బన్ను బాగుండదు, దానికోసం వీధి దాటతాడు.

చెల్లెలు ఎగిరి గంతేసినంత పని చేసింది. "బావ నడిచాడటగా! నాకు బేకరీవాళ్ళే చెప్పారు."

"నడిచాడు. వంటింటి వైపు కాదు."

"ఎటు నడిస్తే ఏంటక్కా! కాళ్ళొచ్చాయి చాలు. వంటిల్లు ఎక్కడికీ పారిపోదుగా?"

"నీకు తెలీదులే."

"నాకేం తెలీదు? నీకు నీ చేపముక్క మీద ఈర్ష్య. క్రీము బన్ను సవతైంది నీకు."

టైలరమ్మ నవ్వింది. నవ్వు మధ్యలో చెల్లెలు ముఖం మార్చుకుని అక్క చెయ్యి పట్టుకుంది. ఎందుకంటే అది నవ్వు కాదు.

మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు దాకా ఆవిడ ఒక్కటే ఆలోచించింది, చెప్పాలా వద్దా అని. చెప్పకుండా ఉండటం ఆవిడ వల్ల కాలేదు. తీపి ఒంటికి మంచిది కాదని తెలుసు. బన్నుల సంగతి, తెల్లవారగానే గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కోవడం, ఇంట్లో అన్నం ముందు కూర్చోబెడితే తలుపు వైపు చూడటం, అన్నీ చెప్పేసింది. డ్రైవరు పక్క కుర్చీలో కూర్చుని మోకాలు ఊపుతున్నాడు. పూర్వం ఎర్ర దీపం దగ్గర బస్సు ఆగినప్పుడు అలాగే ఊపేవాడు.

డాక్టరు కాగితాలు తిరగేసింది. "మాత్ర తగ్గించొచ్చమ్మా. బేకరీ ఆగుతుంది. కానీ మళ్ళీ కుర్చీలోకి పోవచ్చు. తగ్గించకపోతే చక్కెర పరీక్షలు చేయిస్తూ, మీరు వెంటే ఉండి చూసుకోవాలి. రెండింటి మధ్య సరిగ్గా ఆపే కొలత నా దగ్గర లేదు."

"ఎప్పటికైనా..." టైలరమ్మ ఆగింది. నడుము వదులు చేయమని అడిగే మనిషి సిగ్గుపడినట్టు సిగ్గుపడింది. "ఎప్పటికైనా ఆయనంతట ఆయన వచ్చి నన్నేమన్నా అడుగుతారా?"

"చెప్పలేనమ్మా. అబద్ధం చెప్పను."

టైలరమ్మ భర్త వైపు తిరిగింది. "ఏమయ్యా, నీకేం కావాలి?"

"ఇంక వెళ్దామా?" అన్నాడు డ్రైవరు. కళ్ళు తలుపు మీద ఉన్నాయి.

ఎక్కడికి వెళ్దామంటున్నాడో ఆవిడకు తెలుసు. ఆ 'దామా'లో తనున్నట్టా లేనట్టా అని ఒక్క క్షణం ఆ మాటను పట్టుకుని చూసింది. భాషలో అది ఇద్దరినీ కలుపుకునే మాటే. ఆయన మనసులో ఎంతమందిని కలుపుకుందో అడిగి ప్రయోజనం లేదు.

"తగ్గించకండమ్మా" అంది డాక్టరుతో. "నడవనీండి. వెంట నేనుంటాను."

చీటీ తీసుకుని సంచిలో పెట్టుకునేలోపే ఆయన లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. బల్లల మీద జనం, తోపుడు కుర్చీలో ఒక ముసలాయన, నేల తుడుస్తున్న మనిషి, వీళ్ళందరి మధ్యనుంచి బస్సు తిప్పినంత ఒడుపుగా తిప్పుకుంటూ పోతున్నాడు. ప్యాంటు నడుము దగ్గర సరిగ్గా కూర్చుంది, కొత్తగా వేసిన కుట్టు వెనక నుంచి తిన్నగా కనిపిస్తోంది.

"ఇదిగో, ఆగవయ్యా!" అని పిలిచింది.

ఆయన ఆగలేదు. వినలేదో, విని లెక్కచేయలేదో. మెట్ల దగ్గర మలుపు తిరిగి కనబడకుండా పోయాడు. టైలరమ్మ చెప్పులు సరిచేసుకుని, సంచి చంకలో ఇరికించుకుని, అడుగు పెద్దది చేసింది.